ఎవరూ లేని తీరంలో ఫొటోలు తీయడం ఎలా?

హోటళ్లు, లైట్లు, జనం ఏవీ లేని తీరానికి మొదటిసారి కెమెరా పట్టుకుని వెళ్లొచ్చిన వాళ్లని అడిగి చూడండి. చాలామంది చెప్పేది ఒకటే: ‘‘తీయడానికి అక్కడేం లేదండీ.’’ నేనూ అదే అన్నాను. మొదటిరోజు పొద్దున్నే మొదలుపెట్టి ఒడ్డు వెంట ఆరు కిలోమీటర్లు నడిచాను. రెండు వందల పైచిలుకు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే పక్షులన్నిటికీ తోకలే ఉన్నాయి, మొహాల్లేవు. నేను వేసిన ప్రతి అడుగూ వాటిని ముందుకు తరుముతూనే ఉంది మరి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఇప్పుడు ఒక పొద్దున్నకి రెండు మూడు వందల అడుగులు మించి కదలను. నీళ్లు ఏ టైముకి ఎక్కడిదాకా వస్తాయో ముందే చూసుకుని, ఆ చోట కూర్చుంటాను. పక్షులు మేతకు దిగడం, పీతలు బయటికి రావడం, ఇసుక మీద గీతలు తేలడం అన్నీ ఆటుపోట్లను బట్టే జరుగుతాయి. మనం కూడా వాటి టైము ప్రకారం నడుచుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. ముందు ఆటుపోట్లు చూసుకోండి

బ్యాటరీ చార్జింగ్ పెట్టడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది. టైడ్ యాప్‌లో గానీ, ఆటుపోట్ల పట్టికలో గానీ దగ్గర్లోని రేవు పేరు వెతికితే ఏ రోజు పోటు (నీళ్లు పైకి రావడం) ఎన్నింటికో, ఆటు (లోపలికి పోవడం) ఎన్నింటికో, నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయో ఉంటుంది. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఆరింటికి వచ్చిన పోటు రేపు 6.50 ప్రాంతంలో వస్తుంది. రోజుకు ఒక్కసారే పోటు వచ్చే తీరాలు కూడా ఉన్నాయి. మీది ఏ రకమో పట్టిక చూస్తే తెలిసిపోతుంది.

పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో నీళ్లు బాగా పైకి వస్తాయి, బాగా లోపలికి పోతాయి. అష్టమి ప్రాంతంలో ఈ తేడా తక్కువ. ఇది చాలామందికి తెలిసిందే. ఫొటోలు తీసేవాళ్లకి ఇంకా ఎక్కువ పనికొచ్చే సంగతి ఒకటుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో, ఒకే చోట పౌర్ణమికీ అమావాస్యకీ పోటు వచ్చే టైము దాదాపు ఒకటే. ఈ పౌర్ణమికి తెల్లవారుజామున నీళ్లు లోపలికి పోయి ఉంటే, వచ్చే అమావాస్యకీ ఇంచుమించు అంతే. వారం గడిచి అష్టమి వచ్చేసరికి ఆ టైము ఆరు గంటల దాకా జరుగుతుంది కాబట్టి, అదే తెల్లవారుజామున నీళ్లు నిండుగా ఉంటాయి. ఒక్క నెల గమనించి రాసుకోండి. ఆపైన ఏ తిథికి ల్యాండ్‌స్కేప్‌లకి వెళ్లాలో, ఏ తిథికి పక్షుల కోసం వెళ్లాలో క్యాలెండర్ చూసే చెప్పేయొచ్చు.

ఇంకో చిన్న లెక్క. నీళ్లు గంటగంటకీ ఒకేలా పెరగవు. ఆటు నుంచి పోటుకి పట్టే ఆరు గంటల్లో పెరిగే ఎత్తుని 12 వంతులు అనుకుంటే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి పెరుగుతాయి. మూడు, నాలుగు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయన్నమాట. బల్లపరుపుగా ఉన్న తీరంలో ఆ సమయంలో నీళ్లు మనిషి వెనకాల నుంచి కూడా చుట్టేస్తాయి. ఏదైనా దిబ్బ మీదికో, రాళ్ల మీదికో దాటి వెళితే ఆటు పూర్తయిన వెంటనే తిరుగుదారి పట్టండి. ‘ఇంకో రెండు ఫొటోలు’ అనుకునే చోటే మనుషులు చిక్కుకుపోతారు.

2. ఒకసారి కెమెరా లేకుండా వెళ్లండి

మధ్యాహ్నం వెళ్లండి. ఆ ఎండలో ఎలాగూ మంచి ఫొటో రాదు, తీయబుద్ధీ కాదు. నీళ్లు లోపలికి పోయి ఉన్న టైము అయితే ఇంకా మంచిది, తీరం కింద ఏముందో బయటపడుతుంది.

చూడాల్సినవి కొన్నే. సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడు, ఏ వైపు దిగుతాడు. వాగు గానీ ఏరు గానీ సముద్రంలో కలిసే మొగ ఎక్కడుంది. మొగ దగ్గర ఉప్పునీరూ మంచినీరూ కలుస్తాయి, బురద చేరుతుంది, చేపపిల్లలు ఉంటాయి. పక్షులు ముందు వాలేది అక్కడే. తర్వాత, క్రితం పోటు వదిలేసిన చెత్త గీత ఎక్కడిదాకా ఉందో చూడండి. నాచు, చెక్కముక్కలు, గవ్వలు ఒక వరసలో పడి ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మీరు కూర్చోగలిగే చోటు ఆ గీతకి పైనే.

పక్షుల రెట్టలు, ఈకలు గుంపుగా పడి ఉన్న దిబ్బ కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. పోటు సమయంలో మేతనేల మునిగిపోయాక అవన్నీ చేరి నిలబడే చోటు అదే. అక్కడికి తర్వాత మళ్లీ వద్దాం, కానీ దూరంగా.

3. సామాను

తక్కువే తీసుకెళ్లండి. పక్షులకి 400 మిల్లీమీటర్లో ఆపైనో జూమ్ ఒకటి, ల్యాండ్‌స్కేప్‌కి వైడ్ లెన్స్ ఒకటి, ట్రైపాడ్, బ్లోయర్ (దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి), రెండు మెత్తని గుడ్డలు, మంచినీళ్ల సీసా, నీళ్లు చొరబడని సంచి. లెన్స్ మార్చడం ఇంటి దగ్గరే కానిచ్చుకోండి. ఒడ్డున గాలిలో ఇసుక, ఉప్పు తుంపర రెండూ ఉంటాయి. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, అది ఎండితే లెన్స్ మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది.

ఇంకొకటి, చూసినవాళ్లు నవ్వినా సరే: పాత పెనం ఒకటి. ఎందుకో కింద చెబుతాను.

4. పక్షులు: మీరు వెళ్లకండి, రానివ్వండి

పోటుకి మూడు గంటల ముందు వెళ్లి, రెండు గంటల ముందుకల్లా చోటు చూసుకుని పడుకోండి. కూర్చోవడం కన్నా పడుకోవడమే మేలు, దానికి రెండు కారణాలు. ఆకాశం మీద మీ ఆకారం కనపడదు. పైగా కెమెరా పక్షి కంటి ఎత్తుకి దిగుతుంది. నిలబడి తీసిన ఫొటోలో పక్షి వెనక ఇసుకే ఉంటుంది. లెన్స్ ఇసుకకి జానెడు ఎత్తులో ఉంటే వెనకంతా దూరంగా, మసకగా కరిగిపోతుంది, పక్షి ఒక్కటే తేలుతుంది.

పెనం ఇక్కడ పనికొస్తుంది. దాని మధ్యలో కెమెరాని చిన్న బాల్‌హెడ్‌తో (కెమెరాని ఎటైనా తిప్పనిచ్చే బిగింపు) బిగించి ఇసుక మీద తోసుకుంటూ పోవచ్చు. అడుగు గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి ఇసుకలో దిగబడదు, కెమెరాకి ఇసుక అంటదు. ఇందుకోసమే తయారుచేసి అమ్మేవి కూడా ఉన్నాయి, కానీ పెనం చేసే పనే అవీ చేస్తాయి.

ఇక కదలకండి. నీళ్లు పెరుగుతున్నకొద్దీ అంచున మేస్తున్న పక్షులు అడుగడుగునా మీ వైపు జరుగుతాయి. మొదటి పావుగంట మీ వైపే అనుమానంగా చూస్తాయి. తర్వాత మిమ్మల్ని కొట్టుకొచ్చిన దుంగ కింద జమకడతాయి. ఒకసారి శాండర్లింగ్‌ల గుంపు మా పెనానికి రెండు బారల దూరంలో మేసుకుంటూ పోయింది. అవి చిన్న ఉల్లంకి పిట్టలు, తెల్లగా, నల్లటి కాళ్లతో ఉంటాయి. అల వెనక్కి పోగానే దాని వెంట పరుగు, తడి ఇసుకలో టకటకా నాలుగు పోట్లు ముక్కుతో, తర్వాతి నురగ కాలికి తగలబోయే క్షణంలో మళ్లీ వెనక్కి పరుగు. వీటికి మిగతా ఉల్లంకులకి ఉన్నట్టు వెనక వేలు ఉండదు. లెన్స్‌లోంచి చూస్తే తడి ఇసుక మీద ముందుకి మూడే వేళ్ల ముద్రలు, అల రాగానే అవీ పోతాయి. వాటి వెంట కెమెరా తిప్పుతూ పోతే అలిసిపోవడం తప్ప ఏమీ మిగలదు. ఒక చోట ఫోకస్ పెట్టుకుని ఉండండి, అవి అటూ ఇటూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తాయి.

గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోండి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. గాలి మీ వీపు మీద తగులుతుంటే దిగే పక్షుల మొహాలు మీ వైపే ఉంటాయి. సూర్యుడు కూడా వెనకే ఉంటే ఆ పొద్దున్న అదృష్టం మీదే. టెర్న్‌లు (సన్నటి రెక్కల సముద్రపు పక్షులు) నీళ్ల మీద గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడేది కూడా గాలికి ఎదురు తిరిగే.

సెట్టింగులు: ఎగిరే టెర్న్‌కి షటర్ 1/2000 సెకను, పరుగెత్తే ఉల్లంకికి 1/1000 తగ్గకుండా. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి. గ్రెయిన్ ఉన్న ఫొటోని బాగుచేయొచ్చు, కదిలిపోయినదాన్ని చేయలేం. జనం ఎక్కువగా పొరపడేది ఎక్స్‌పోజర్ దగ్గర. కెమెరా ఏది చూసినా మధ్యస్థం బూడిదరంగుగా చూపించాలని చూస్తుంది. నల్లటి తడి ఇసుక మీద తెల్ల కొంగ ఉంటే ఇసుకని చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకలు తెల్లటి మచ్చ అయిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురుని మనం తగ్గించే, పెంచే సెట్టింగ్) మైనస్ 2/3 నుంచి మైనస్ 1 దాకా పెట్టండి. నురగ, తెల్లటి ఇసుక ఫ్రేమ్ నిండా ఉంటే దీనికి రివర్స్, ప్లస్ వైపు వెళ్లాలి. స్క్రీన్ మీద ఫొటో ఎండలో సరిగా కనపడదు కాబట్టి హిస్టోగ్రామ్‌నే (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంతో చూపే గ్రాఫ్) నమ్మండి.

పొద్దెక్కి ఇసుక కాలడం మొదలైతే దూరంగా ఉన్న పక్షి ఫొటో ఎంత తీసినా మెత్తగానే వస్తుంది. లెన్స్ పాడైందని టెన్షన్ పడకండి. వేడిగాలి అలలు అలలుగా లేస్తుంటే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఒకటే. సర్దుకోండి.

తప్పనిసరై దగ్గరికి జరగాల్సి వస్తే, తిన్నగా వెళ్లకండి. వంకరటింకరగా, ఆగి ఆగి, వాటి వైపు చూడనట్టు వెళ్లండి. మేత ఆపి తలలెత్తాయంటే అక్కడితో ఆగాలి. అన్నీ ఒకే దిక్కుకి తిరిగి నడక మొదలుపెడితే ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు, వెనక్కి జరగండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే పక్షులకి ఈ మేతే పెట్రోల్. 2022లో బార్-టెయిల్డ్ గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 11 రోజులు ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అలాంటి ప్రయాణానికి ముందో వెనకో ఉన్న పక్షుల్ని ఒక ఫొటో కోసం నాలుగుసార్లు లేపితే వాటి ఒంట్లో చేరాల్సిన కొవ్వు మనం తిన్నట్టే. పోటు సమయంలో దిబ్బ మీద నిలబడి విశ్రాంతి తీసుకునే గుంపుల దగ్గర ఇంకా దూరం పాటించండి. డ్రోన్ సంగతి అయితే అసలు ఎత్తొద్దు, పక్షులకి అది గద్దే.

5. పీతలు

పక్షులు దొరకని రోజు పీతలు దొరుకుతాయి. నాకు వీటి మీదే ప్రేమ ఎక్కువ, ఒప్పుకుంటాను.

ఇసుకలో బొరియ చూడండి. నోటి దగ్గర కొత్తగా తవ్విపోసిన తడి ఇసుక ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. రెండు మూడు మీటర్ల దూరంలో, మీ నీడ బొరియ మీద పడకుండా పడుకోండి. బొరియ అంచుకి ఫోకస్ ముందే లాక్ చేసేయండి. ఇక కాలు తాటించకండి, బ్యాగు ధన్‌మని పెట్టకండి. పీతకి నేల అదురు తెలుస్తుంది. పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. ముందు రెండు కళ్లు మాత్రం కాడల మీద నిలబడి బయటికి వస్తాయి. అప్పుడు నొక్కకండి. షటర్ చప్పుడుకి లోపలికి పోతే మళ్లీ ఇరవై నిమిషాలు. అది పూర్తిగా బయటికొచ్చి, ఒక గుప్పెడు ఇసుక విసిరి, మళ్లీ తెచ్చి విసరడం మొదలుపెట్టాక నొక్కండి. పనిలో పడ్డాక అంత పట్టించుకోదు. సైలెంట్ షటర్ ఉంటే మరీ మంచిది.

ఇండో-పసిఫిక్ తీరాల్లో అయితే ఆటు సమయంలో తడి ఇసుక మీద ఆవగింజల కన్నా కొంచెం పెద్ద ఇసుక ఉండలు, బొరియ చుట్టూ కిరణాల్లా పరిచి ఉండటం చూస్తారు. చిన్న పీతలు ఇసుకలోంచి తిండి ఏరుకుని మిగిలింది ఉండ చేసి వదిలేసినవి అవి. పక్కనుంచి పడే ఎండలో, నిలువుగా పైనుంచి తీయండి. తర్వాతి పోటుకి అన్నీ చెరిగిపోతాయి.

6. తీయకూడనివి

టెర్న్‌లు, ప్లోవర్‌లు (ఒడ్డున తిరిగే చిన్న పక్షులు) పొడి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోతుంది. అందుకే పోటు గీతకి పైన పొడి ఇసుకలో నడవకుండా, తడి ఇసుక మీదే నడవడం అలవాటు చేసుకోండి. మీ చుట్టూ పక్షి అరుస్తూ తిరుగుతున్నా, రెక్క విరిగినట్టు నటిస్తూ కుంటుతున్నా, అది ఫొటోకి పోజు కాదు. గుడ్లు పక్కనే ఉన్నాయి, వెళ్లిపొమ్మంటోంది. తల్లి పక్కకి తప్పుకున్న కొద్ది నిమిషాల్లోనే మండే ఎండకి గుడ్డు చెడిపోవచ్చు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి.

రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు కనిపిస్తే ఫ్లాష్, టార్చి, ఫోన్ స్క్రీన్ ఏదీ వద్దు. వెలుతురు చూసి గుడ్లు పెట్టకుండానే తిరిగిపోయే తాబేళ్లున్నాయి. పిల్లలైతే ఎటు ఎక్కువ వెలుతురుంటే సముద్రం అటే అనుకుని నడుస్తాయి. తెల్లారాక తాబేలు వెళ్లిన జాడని ఫొటో తీయండి. ఏటవాలు ఎండలో ఆ జాడ తాబేలు కన్నా అందంగా వస్తుంది, నా అభిప్రాయంలో.

7. ల్యాండ్‌స్కేప్: మూడు పట్టీలతో ఏం చేయాలి?

ఖాళీ తీరంలో కనిపించేవి మూడే పట్టీలు: ఇసుక, నీళ్లు, ఆకాశం. అలాగే తీస్తే క్యాలెండర్ బొమ్మ కూడా కాదు. ముందు భాగంలో కంటికి పట్టు దొరకాలి. ఆటు మొదలైన గంట రెండు గంటల తర్వాత వెళితే ఆ పట్టు ఇసుకే ఇస్తుంది. నీళ్లు జారిపోతూ గీసిన చెట్టుకొమ్మల లాంటి పాయలు, ఇసుక మడతలు, మడతల మధ్య నిలిచిన నీళ్లలో ఆకాశం. సూర్యుడు బాగా కిందికి ఉన్నప్పుడు ప్రతి మడతకీ ఒక నీడ పడుతుంది, అరగంట పోతే ఆ నీడలు ఉండవు. వైడ్ లెన్స్‌తో కిందికి వంగండి, ఎఫ్/11 పెట్టండి. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల పదును తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. ఇసుక మీద ముందు మీరే నడిచేసి తర్వాత ఫ్రేమ్ చూసుకుంటే మీ చెప్పుల ముద్రలే ఫోర్‌గ్రౌండ్ అవుతాయి. ఎప్పుడూ సన్నివేశానికి వెనకనుంచే చేరండి, ఒకవైపు నుంచే ముందుకి జరుగుతూ తీయండి.

అలలకి షటర్ మీ ఇష్టం, కానీ ఇష్టం ఏమిటో ముందు తేల్చుకోండి. 1/1000లో అల గాజులా నిలబడుతుంది. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీచే పొద్దున్న, విరిగే అల కొసనుంచి తుంపర వెనక్కి జుట్టులా ఎగురుతుంది, దానికి ఈ వేగమే సరి. అర సెకను నుంచి ఒక సెకను దాకా పెడితే వెనక్కి జారే నురగ తెల్లటి దారాల్లా సాగుతుంది. అల ఒడ్డెక్కి ఆగి, తిరిగి జారడం మొదలైన క్షణంలో నొక్కాలి. ఎక్కేటప్పుడు నొక్కితే ముద్దగా వస్తుంది. ముప్పై సెకన్లు అయితే సముద్రం పొగమంచే. నాకు ఈ చివరిది తొందరగా బోర్ కొడుతుంది, ఏ సముద్రమైనా ఒకేలా కనిపిస్తుంది. పట్టపగలు అది కావాలంటే లెన్స్ ముందు పెట్టే నల్లద్దం, పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. అది వెలుతురుని 1024 వంతుల్లో ఒక వంతుకి తగ్గిస్తుంది, 1/60 కాస్తా 17 సెకన్లవుతుంది. పోలరైజర్ అనే ఇంకో ఫిల్టర్ తడి ఇసుక మీది ప్రతిబింబాన్ని తుడిచేయగలదు. అది కావాలో వద్దో తిప్పి చూసి తేల్చుకోండి.

ట్రైపాడ్‌ని నీళ్లలో పెడితే ప్రతి అలా దాని కాళ్ల కింద ఇసుకని తోడేస్తుంది. ఈ సంగతి తెలియక ఒక సాయంత్రం ఇరవై ఫొటోలు పోగొట్టుకున్నాను. ప్రతి ఫొటోలో సముద్రం కొంచెం కొంచెంగా ఎడమవైపు ఒలికిపోతూ ఉంది. కాళ్లు అటూ ఇటూ తిప్పుతూ లోతుగా గుచ్చండి. ఒక అల వచ్చి పోనిచ్చి, లెవెల్ మళ్లీ సరిచూసి, అప్పుడు నొక్కండి. అన్నిటికన్నా కింది గొట్టాన్ని ముందు బయటికి లాగితే బిగింపు దగ్గరికి ఇసుక నీళ్లు వెళ్లవు.

అందరూ సూర్యుడి వైపే తీస్తారు. సూర్యుడు అస్తమించిన కాసేపటికి, ఉదయం అయితే ఉదయించే ముందు, ఒకసారి వెనక్కి తిరగండి. ఎదుటి దిక్కున ఆకాశం అడుగున నీలంబూడిద రంగు పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడ. వెలుతురు తక్కువ, మృదువు. ఇసుక మడతలు, దిబ్బల గడ్డి ఆ కాంతిలో బాగా వస్తాయి. నేలమట్టంగా ఉన్న తీరంలో ఆ దిక్కు ఖాళీగా ఉంటేనే ఇది దొరుకుతుంది, అందుకే కట్టడాలు లేని తీరానికి మించింది లేదు.

8. ఫోన్ మాత్రమే ఉంటే

పక్షుల్ని వదిలేయండి, పీతల జాడలు, ఇసుక గీతలు, భూమి నీడ మీవి. ఫోన్‌ని తలకిందులు చేసి పట్టుకుంటే లెన్స్ ఇసుకకి తాకేంత కిందికి వస్తుంది, నిలిచిన నీళ్ల గుంట చెరువంత అయిపోతుంది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొంచెం తగ్గించండి.

9. సముద్రానికి వీపు చూపకండి

సామాను దించే ముందు పది పదిహేను నిమిషాలు ఊరికే అలల్ని చూడండి. చిన్న అలల మధ్య అప్పుడప్పుడూ పెద్దవి వస్తాయి, అవి ఎంతదాకా ఎక్కుతున్నాయో చూసుకోండి. నాచు పట్టిన రాయి ఎంత పొడిగా కనిపించినా జారుతుంది. అలలు విరుగుతున్న వరసలో ఒకచోట మాత్రం విరగకుండా నల్లగా, ప్రశాంతంగా ఉంటే అది లోపలికి లాగే ప్రవాహం కావొచ్చు, అక్కడ దిగొద్దు. మీరు ఎక్కడున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి. ఇలాంటి చోట్ల సిగ్నల్ ఉండదు.

10. ఇంటికొచ్చాక

కెమెరాని వెంటనే గుడ్డతో తుడవకండి. ఇసుక ఉండగా తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. జూమ్ రింగ్ తిప్పుతుంటే కరకర శబ్దం రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ రిపేరు డబ్బుతో ఇంకో లెన్స్ వచ్చేది. ముందు బ్లోయర్. తర్వాత మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ. ఆ తర్వాత పొడి గుడ్డ. ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లలో కడిగి, విప్పదీసి ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి వేడిలోకి కెమెరా మారేటప్పుడు సంచిలోనే అరగంట ఉంచితే లెన్స్ మీద చెమ్మ పట్టదు.

గూళ్లు ఉన్న చోటు గానీ, అరుదైన పక్షి గానీ ఫొటోలో ఉంటే పంచుకునే ముందు లొకేషన్ తీసేయండి. పడుకునే ముందు నోట్‌బుక్‌లో ఒక్క వరస: తేదీ, తిథి, పోటు ఎన్నింటికి, గాలి ఎటు, నీళ్లు ఏ గుర్తు దాకా వచ్చాయి, ఏవి కనిపించాయి. రేపు మళ్లీ వెళ్లేట్టయితే అలారం ఇవాళ్టి కన్నా 50 నిమిషాలు ఆలస్యంగా పెట్టండి.